ఇంజినీరింగ్ విద్యార్థి రోజు: సమయం ఎక్కడ జారిపోతుంది, ఎక్కడ పట్టుకోవాలి

"ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరుతున్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా రోజు ఎలా గడుస్తుంది? క్లాసులు, ల్యాబులు, అసైన్‌మెంట్లు అన్నీ అయ్యాక నిద్రకు టైం మిగులుతుందా?" అని అడిగారు.

మిగులుతుంది. మిగలడం లేదనే వాళ్ళ రోజును జాగ్రత్తగా గమనిస్తే, వాళ్ళకు సమయం పోయేది రాత్రి కాదు, పగలే. రెండు క్లాసుల మధ్య వచ్చే ఖాళీలో, ల్యాబ్ ముగిసిన వెంటనే ఉండే అరగంటలో, అసైన్‌మెంటు చేతికి వచ్చిన రోజున. ఆ మూడు చోట్లా చేయాల్సిన పని రాత్రికి జరిగితే చాలా బరువవుతుంది. అప్పటికి క్లాసులో విన్నది సగం మరిచిపోయి ఉంటారు, ల్యాబ్ పరికరం ఎదురుగా ఉండదు, సందేహం అడగడానికి మనిషీ దొరకడు.

ముందు గంటల లెక్క చూద్దాం. యూరప్‌లో వాడే ఈసీటీఎస్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు (చదువు బరువును కొలిచే యూనిట్‌కు) 25 నుంచి 30 గంటల పని. అంటే సెమిస్టర్‌కు 750 నుంచి 900 గంటలు. పరీక్షలతో కలిపి 20 వారాలకు పంచితే వారానికి దాదాపు 38 నుంచి 45 గంటలు వస్తాయి. అమెరికాలో క్లాసులో గడిపే ప్రతి గంటకూ బయట రెండు గంటలు చదవాలని లెక్క వేస్తారు. 15 క్రెడిట్లు తీసుకుంటే అదీ 45 గంటలే. రెండు దారులూ ఒకచోటికే వచ్చాయి కాబట్టి రోజుకు తొమ్మిది గంటల చొప్పున వారానికి ఐదు రోజులు అనుకోండి. ఎనిమిది గంటలు నిద్రపోయినా ఇంకా ఏడు గంటలు మీవే. చిక్కల్లా ఒక్కటే: ఆ తొమ్మిదిలో టైంటేబుల్ ఇచ్చేవి ఐదారు గంటలే. మిగతా మూడింటికి గంట కొట్టేవాళ్ళు లేరు.

ఒక మామూలు రోజు తీసుకుందాం. 9 నుంచి 11 దాకా రెండు లెక్చర్లు, 11 నుంచి 12 ఖాళీ, 12 నుంచి 1 ట్యుటోరియల్ (లెక్కలు చేయించి సందేహాలు తీర్చే చిన్న క్లాసు), 2 నుంచి 5 ల్యాబ్, సాయంత్రం 6 నుంచి 8 సొంత చదువు. చాలా కాలేజీల్లో సర్దుబాట్లు వేరుగా ఉన్నా రోజు ఆకారం మాత్రం దాదాపు ఇదే.

లెక్చర్‌కు ముందు పది నిమిషాలు చాలు. కిందటి క్లాసు చివరి పేజీ తిరగేసి, అక్కడ వాడిన గుర్తులు దేనికి దేనికో చూసుకోండి. క్లాసులో ఎక్కువమంది తప్పిపోయేది లెక్క కష్టమై కాదు, బోర్డు మీద ఉన్న గుర్తు దేన్ని సూచిస్తుందో గుర్తురాక. నోట్సులో ఫలితం కంటే ముందు రాసుకోవాల్సినవి ఊహలు. ద్రవం వేగాన్నీ పీడనాన్నీ ఎత్తునూ కలిపే బెర్నూలీ సమీకరణం చెబుతుంటే ప్రవాహం కాలంతో మారదు, ద్రవం సాంద్రత మారదు, ఘర్షణ లేదు, ఒకే స్ట్రీమ్‌లైన్ (ప్రవాహం సాగే గీత) వెంట వర్తిస్తుంది అనే నాలుగు షరతులు పైన కనబడేలా రాయండి. సూత్రం పుస్తకంలో ఎప్పుడైనా దొరుకుతుంది. పంపుకు ముందొక బిందువు, తర్వాతొక బిందువు తీసుకుని అదే సూత్రాన్ని నేరుగా వాడేసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళకు గుర్తులేనిది సూత్రం కాదు, షరతు. మధ్యలో పంపు శక్తిని చేరుస్తుంది కాబట్టి అక్కడ ఇంకో పదం రావాలి.

అర్థం కాని చోట ఆగిపోకండి. మార్జిన్‌లో ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు సాగండి. బోర్డును ఫోన్‌తో ఫోటో తీయడం నోట్సు రాయడానికి బదులు కాదు. క్లిష్టమైన బొమ్మకు మాత్రం తీసుకోండి, అదే రోజు చేత్తో మళ్ళీ గీయండి.

ఇప్పుడు 11 గంటల ఖాళీ. రోజు మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చే గంట ఇది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మాన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో అర్థం లేని అక్షరాల జాబితాలతో తన జ్ఞాపకాన్నే కొలిచి, మరుపు మొదటి గంటల్లోనే అతి వేగంగా జరుగుతుందని, ఆ తర్వాత నెమ్మదిస్తుందని చూపించాడు. అర్థమున్న పాఠం అంత వేగంగా పోదు గానీ వాలు అటువైపే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగం ఇంకా పనికొస్తుంది. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు వాళ్ళను దాటేశారు. చదువుతుంటే వచ్చినట్టు అనిపించడం వేరు, వారం తర్వాత రావడం వేరు.

అందుకని ఆ గంటను ఇలా వాడండి. మొదటి 15 నిమిషాలు నోట్సు మూసి, తెల్ల కాగితం మీద పొద్దుటి రెండు లెక్చర్లలో ఏం తెలిసిందో రాయండి: ఏ సమస్యకు దారి వెతికారు, ఏ షరతులు పెట్టారు, ఎక్కడికి చేరారు. తర్వాత నోట్సు తెరిచి వదిలేసినవి ఎర్ర పెన్నుతో నింపండి. ఆ ఎర్ర గీతలే పరీక్షల ముందు మీరు చూడాల్సిన పేజీలు. మిగిలిన సమయంలో అసైన్‌మెంటు తెరవండి. పూర్తి చేయనక్కర్లేదు. ప్రశ్నలన్నీ చదివి, ఒక్కోదానికి బొమ్మ గీసి, ఏం ఇచ్చారో ఏం అడిగారో రాసి, మొదటిది మొదలుపెట్టండి. ఇచ్చిన రోజే చదివితే ఏది రాదో ఈ రోజే తెలుస్తుంది, అడగడానికి ఇంకా ట్యుటోరియల్ ఉంటుంది. గడువు ముందు రాత్రి చదివితే ఏది రాదో అప్పుడే తెలుస్తుంది, అడగడానికి ఎవరూ ఉండరు.

ఇంకో చిన్న విషయం: ఆ ఖాళీలో ఎక్కడ కూర్చోవాలో ముందు రోజే అనుకోండి, తర్వాతి క్లాసుకు దగ్గరగా ఉండేలా. చోటు వెతుక్కోవడం, నడవడం, ఫోన్ చూడటం కలిస్తే గంటలో మిగిలేది పాతిక నిమిషాలే.

ట్యుటోరియల్‌కు ఖాళీ చేతులతో వెళ్ళకండి. "ఈ లెక్క రాలేదు సార్" అంటే చెప్పేవారు మొదటి నుంచి మొదలుపెడతారు, మీకు తెలిసిన భాగంలోనే టైం అయిపోతుంది. "ఇక్కడి దాకా వచ్చింది, ఈ బౌండరీ కండిషన్ (అంచు దగ్గరి షరతు) ఎందుకు సున్నా అయిందో తెలియడం లేదు" అంటే రెండు నిమిషాల్లో తేలుతుంది.

లెక్కలు చేసే పద్ధతి గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, మీ సొంత గంటల్లో సింహభాగం దీనికే పోతుంది కాబట్టి. ఒక లెక్కకు ఒక పేజీ. ముందు బొమ్మ. మెకానిక్స్‌లో ఫ్రీ బాడీ డయాగ్రం (ఒక వస్తువును విడిగా తీసి దాని మీద పనిచేసే బలాలన్నీ బాణాలుగా చూపే బొమ్మ) గీసేటప్పుడు సాధారణంగా జరిగే తప్పులు రెండు. వస్తువును ఆధారం నుంచి విడదీసి, ఆధారం ఇచ్చే బలాన్ని వేయడం మరిచిపోతారు. లేదా చర్య, ప్రతిచర్య రెండింటినీ ఒకే వస్తువు మీద గీసి, రెండూ కొట్టేసుకున్నాయని సంతోషిస్తారు. గీసిన ప్రతి బాణానికీ "దీన్ని ఎవరు ప్రయోగిస్తున్నారు" అని అడగండి. జవాబు లేని బాణం ఉండకూడదు.

చివరి దాకా అక్షరాలతోనే లెక్క సాగించి, అంకెలు ఆఖర్న వేయండి. మొదటి వరసలోనే అంకెలు పెట్టేస్తే తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత వెతకలేరు, ప్రమాణాలనూ సరిచూడలేరు. ఉదాహరణకు ఒక చివర బిగించిన కడ్డీకి రెండో చివర భారం వేలాడదీస్తే చివర వంగే దూరం పీఎల్ క్యూబ్ బై త్రీ ఈఐ (పీ భారం, ఎల్ పొడవు, ఈ పదార్థం గట్టిదనం, ఐ కోత ఆకారాన్ని బట్టి వచ్చే విలువ). దీన్ని అక్షరాల్లో ఉంచి చూస్తే మూడు పరీక్షలు వెంటనే చేయొచ్చు: పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు కావాలి, పదార్థం గట్టిపడే కొద్దీ సున్నా వైపు వెళ్ళాలి, ప్రమాణాలన్నీ కొట్టేస్తే మీటరు మిగలాలి.

ఇప్పుడు అంకెలు వేద్దాం. మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ, 20 మిల్లీమీటర్ల చదరపు కోత, చివర 100 న్యూటన్ల భారం. ఉక్కుకు యంగ్స్ మాడ్యులస్, అంటే పైన చెప్పిన ఈ, 200 గిగాపాస్కల్స్ అనుకుంటే వంపు 12.5 మిల్లీమీటర్లు. కంటికి కనబడేంత, నమ్మదగినంత. అదే లెక్కలో మాడ్యులస్‌నూ కోత కొలతలనూ మిల్లీమీటర్లలో పెట్టి, పొడవును మాత్రం 1000కి బదులు 1గా వదిలేస్తే జవాబు వంద కోట్ల రెట్లు తగ్గి, ఒక పరమాణువు వ్యాసం కంటే చిన్న వంపు వస్తుంది. క్యాలిక్యులేటర్ ఏమీ అనదు. ఆ అంకెను చూసి "ఇది కుదరదే" అనాల్సింది మీరే. ప్రతి జవాబు కింద ఒక వాక్యం, ఈ అంకె ఎందుకు నమ్మదగినదో, రాయడం అలవాటు చేసుకోండి. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ వ్యోమనౌక అంగారకుడి దగ్గర నాశనమైంది, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన అంకెను రెండోది న్యూటన్ సెకన్లని తీసుకున్నందుకే. ప్రమాణాల గురించి మాస్టార్లు అంత పట్టుబట్టేది చాదస్తంతో కాదు.

క్యాలిక్యులేటర్ తీసిన ప్రతిసారీ సైన్ 30 నొక్కి చూడండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉంది. మైనస్ 0.988 వస్తే రేడియన్లలో ఉంది. పరీక్ష హాల్లో ఈ రెండు సెకన్ల పని ఒక పూర్తి ప్రశ్నను కాపాడుతుంది.

ఎక్కడైనా ఇరుక్కుంటే అరగంట గట్టిగా ప్రయత్నించండి. అప్పటికీ కదలకపోతే, ఎక్కడ ఇరుక్కున్నారో ఒక్క వాక్యంలో రాసి తర్వాతి లెక్కకు వెళ్ళండి. చాలాసార్లు ఆ వాక్యం రాస్తుండగానే దారి కనబడుతుంది. సాధించిన జవాబులు చూడటం తప్పా అని చాలామంది అడుగుతుంటారు. కొత్త అంశం మొదలుపెట్టేటప్పుడు తప్పు కాదు. 1985లో స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు బీజగణితం నేర్చుకునేవాళ్ళ మీద జరిపిన పరిశీలనల్లో, సాధించిన ఉదాహరణలు చదివినవాళ్ళు తక్కువ సమయంలో నేర్చుకున్నారని తేలింది. తప్పు తర్వాత జరుగుతుంది. చూసి, తలూపి, ఎక్కించేసి వదిలేస్తారు. చూసిన లెక్కను మర్నాడు ఖాళీ కాగితం మీద మొదటి నుంచి మళ్ళీ చేయండి. అది చేయగలిగితేనే ఆ లెక్క మీదైనట్టు.

ఇక ల్యాబ్. మూడు గంటల ల్యాబ్‌లో నిజమైన పని గంటన్నరే, మిగతా గంటన్నర తప్పులు వెతకడానికి పోతుంది. ఆ రెండో భాగాన్ని తగ్గించే ఉపాయం ఇంటి దగ్గరే ఉంది. ప్రయోగం వివరణ చదివి, రీడింగుల పట్టిక ప్రమాణాలతో సహా ముందే గీసుకోండి, ఎంత రావాలో ఉజ్జాయింపుగా లెక్క కట్టుకోండి. 5 వోల్టుల సప్లై, 330 ఓముల రెసిస్టర్, దాదాపు 2 వోల్టులు తీసుకునే ఎర్ర ఎల్ఈడీ అంటే 9 మిల్లీ ఆంపియర్లు రావాలి. మీటరు 90 చూపిస్తే అది ప్రకృతి వింత కాదు, మీరు 33 ఓముల రెసిస్టర్ పెట్టారు.

ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో మొదటి పని పవర్ సప్లై అవుట్‌పుట్ ఆపి ఉంచి, వోల్టేజీ సెట్ చేసి, కరెంట్ లిమిట్‌ను మీరు అనుకున్న కరెంటుకు కాస్త పైన పెట్టడం. చిన్న సర్క్యూట్లకు 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు చాలు. వైరింగులో తప్పున్నా లిమిట్ దీపం వెలిగి ఊరుకుంటుంది, ఐసీ (చిప్) కాలదు. మల్టీమీటర్‌తో కరెంటు కొలిచాక ఎర్ర లీడును తిరిగి వోల్టేజీ సాకెట్‌లోకి మార్చండి. మార్చకుండా సప్లై మీద పెడితే, కరెంటు సాకెట్‌లో నిరోధం చాలా తక్కువ కాబట్టి అది షార్ట్ సర్క్యూటే. మీటరులో ఫ్యూజు పోతుంది. ఆ తర్వాత వచ్చిన బ్యాచ్‌కు కరెంటు ఎప్పుడూ సున్నా చూపించే మీటరు దక్కుతుంది. మీరు తీసుకున్న మీటరు అలా చూపిస్తుంటే ముందు ఫ్యూజు చూడమనండి. నిరోధం కొలవాలంటే సర్క్యూట్‌కు పవర్ తీసేసి, ఆ రెసిస్టర్ ఒక కాలినైనా విడదీసి కొలవాలి.

పెద్ద బ్రెడ్‌బోర్డుల్లో (టంకం లేకుండా తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టే పలకల్లో) పక్కనుండే పవర్ పట్టాలు కొన్నిటిలో మధ్యలో తెగి ఉంటాయి. పై సగంలో ఉన్న ఐసీకి 5 వోల్టులు వచ్చి కింది సగంలో ఉన్నదానికి రాకపోతే కారణం అదే, చిన్న తీగతో కలపండి. ప్రతి ఐసీ సప్లై కాలికీ గ్రౌండ్‌కూ మధ్య, వీలైనంత దగ్గరగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఇది లేని డిజిటల్ సర్క్యూట్ ఒకసారి పనిచేసి ఒకసారి చేయకుండా గంటలు తినేస్తుంది.

ఆసిలోస్కోప్‌లో (వోల్టేజీ కాలంతో ఎలా మారుతుందో తెర మీద గీసి చూపే పరికరంలో) కొలత సరిగ్గా పది రెట్లు తేడాగా వస్తే, ప్రోబ్ మీదున్న ఒకటి-పది స్విచ్చు, స్కోప్ మెనూలో పెట్టిన విలువ ఒకదానికొకటి సరిపోలేదని అర్థం. సరిగ్గా రెండు రెట్లు వస్తే ఫంక్షన్ జనరేటర్‌ను చూడండి: పరీక్షకు సిగ్నల్ పుట్టించే ఈ పరికరాల్లో చాలావరకు ఎదుట 50 ఓముల లోడ్ ఉందనుకుని అంకె చూపిస్తాయి, మీ సర్క్యూట్ నిరోధం ఎక్కువైతే అసలు వోల్టేజీ దానికి రెట్టింపు వస్తుంది. మామూలు బెంచి స్కోపులో గ్రౌండ్ క్లిప్పులు లోపల ఎర్త్‌కు కలిసి ఉంటాయి. రెండు ప్రోబ్‌ల క్లిప్పులను సర్క్యూట్‌లో రెండు వేర్వేరు చోట్ల తగిలిస్తే ఆ రెండు చోట్లనూ మీరే షార్ట్ చేసినట్టు.

పనిచేయని సర్క్యూట్‌ను చూడాల్సిన వరస ఇది: ఐసీ కాలి దగ్గరే పవర్ ఉందా, గ్రౌండ్ ఉందా, ఇన్‌పుట్ వస్తోందా, ఆ తర్వాత సర్క్యూట్‌ను సగానికి విడగొట్టి సిగ్నల్ సగం దాకా వచ్చిందా అని చూడటం. వచ్చి ఉంటే తప్పు రెండో సగంలో ఉంది. ఇలా నాలుగుసార్లు సగం చేస్తే పదహారు భాగాల్లో ఒకటి తేలుతుంది. తీగలన్నీ పీకేసి మళ్ళీ మొదటి నుంచి పెట్టడం అందరికీ ముందు తోచే దారి. అది చేస్తే పాత తప్పుతో పాటు రెండు కొత్తవి చేరతాయి.

మెకానికల్, సివిల్ వైపు కొలతలే ప్రాణం. వెర్నియర్ గానీ స్క్రూగేజీ గానీ చేతిలోకి తీసుకోగానే మూసి, సున్నా ఎక్కడుందో రాసుకోండి. స్క్రూగేజీని చివరి రాచెట్‌తోనే (సరిపడా బిగిశాక జారిపోయే పిడితోనే) బిగించండి; నేరుగా బిగిస్తే మీ చేతి బలాన్ని బట్టి కొలత మారుతుంది. కడ్డీ వ్యాసాన్ని మూడు చోట్ల, ఒక్కో చోట రెండు లంబ దిశల్లో తీసుకోండి. అంత శ్రమ ఎందుకంటే, కడ్డీని మెలిపెట్టే టార్షన్ ప్రయోగంలో పోలార్ మొమెంట్ (మెలికను కోత ఎంత ఎదిరిస్తుందో చెప్పే విలువ) వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల కడ్డీని 10.1 అని చదివితే వ్యాసంలో తప్పు ఒక శాతమే, ఫలితంలో నాలుగు శాతం. అదే ప్రయోగంలో పొడవును ఒక శాతం తప్పు చదివితే ఫలితమూ ఒక శాతమే మారుతుంది. ఏ కొలత మీద చెమటోడ్చాలో, దేన్ని టేపుతో కొలిచినా ఫరవాలేదో సూత్రంలోని ఘాతమే చెబుతుంది.

వర్క్‌షాప్‌లో లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) దగ్గర కళ్ళద్దాలు తప్పనిసరి. చేతి తొడుగులు మాత్రం వద్దు: తిరిగే భాగం తొడుగును పట్టుకుంటే చేతిని కూడా లాగేస్తుంది. పొడుగు చేతుల చొక్కా మడిచి, జుట్టు ముడేసి, గొలుసులు, ఉంగరాలు తీసేయండి. ముక్కను పట్టుకునే చక్‌ను బిగించే చక్ కీ చేతిలో గానీ దాని చోట గానీ ఉండాలి, చక్‌లో ఎప్పుడూ వదలకూడదు. మరిచిపోయి మెషిన్ ఆన్ చేస్తే అది తుపాకి గుండులా ఎగురుతుంది. స్విచ్ ఆపాక ఇంకా తిరుగుతున్న చక్‌ను అరచేత్తో ఆపకండి.

ఏ ల్యాబ్ అయినా గ్రాఫ్ అక్కడే వేయండి, పెన్సిలుతో ఉజ్జాయింపుగానైనా సరే. ఒక చుక్క గీత నుంచి పక్కకు పడితే, పరికరం ఇంకా ఎదురుగా ఉంది కాబట్టి ఆ రీడింగు మళ్ళీ తీసుకోవచ్చు. ఇంటికి వెళ్ళాక కనబడితే చేసేదేమీ లేదు, అప్పుడే రీడింగులు వండే ఆలోచన పుడుతుంది. తప్పు రీడింగును రబ్బరుతో చెరపకండి, ఒక గీత కొట్టి పక్కన కారణం రాయండి. జవాబు పుస్తకంలోని విలువకు సరిపోకపోతే అలాగే ఇచ్చి ఎందుకు తేడా వచ్చిందో చెప్పండి. ఆ వివరణ కోసమే ల్యాబ్ పెట్టారు. వండిన రీడింగుల రికార్డులో రాయడానికి వివరణే మిగలదు, దిద్దేవాళ్ళు దాన్ని ఇట్టే పట్టేస్తారు: నిజమైన రీడింగులు అంత నున్నగా గీత మీద పడవు.

ల్యాబ్ ముగిసి బయటికొచ్చాక అరగంట ఎక్కడైనా కూర్చుని ఫలితం, తప్పులకు కారణాలు, ఏ పరికరం వాడారో దాని నంబరు రాసేయండి. రికార్డులో శుభ్రంగా ఎక్కించడం వారాంతంలో చేయొచ్చు. కారణాలు మాత్రం ఆ సాయంత్రం దాటితే గుర్తుండవు. చాలాచోట్ల ల్యాబ్‌కు క్రెడిట్లు తక్కువ, గంటలు ఎక్కువ. ఈ అరగంట లేకపోతే వారాంతమంతా దానికే పోతుంది.

ప్రోగ్రామింగ్ పని ఉన్న రోజున పది వరసలకు ఒకసారి నడిపి చూడండి. వంద వరసలు రాసి ఒకేసారి నడిపితే తప్పు వందలో ఎక్కడైనా ఉండొచ్చు, పది తర్వాత నడిపితే ఆ పదిలోనే. పనిచేసిన ప్రతి దశనూ గిట్‌లో (కోడ్ పాత రూపాలను దాచే సాధనంలో) కమిట్ చేయండి, అంటే భద్రపరచండి. చేత్తో లెక్క కట్టగల చిన్న ఉదాహరణతో మొదట పరీక్షించండి. రెండు పూర్ణాంకాల భాగహారంలో దశాంశాలు కొట్టుకుపోవడం, లూప్ ఒకసారి ఎక్కువో తక్కువో తిరగడం, దశాంశాల సంఖ్యలను సరిసమానమా అని పోల్చడం: మొదటి ఏడాది తప్పుల్లో చాలా భాగం ఈ మూడే. డేటా టైపులను తేలిగ్గా తీసుకోకండి. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం విఫలమైంది, 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే అది పట్టకపోవడం వల్ల.

క్యాడ్‌లో (కంప్యూటర్ మీద డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌లో) స్కెచ్ పూర్తిగా కన్‌స్ట్రెయిన్ అయ్యాకే, అంటే ప్రతి గీత చోటూ కొలతా ఖరారయ్యాకే ముందుకు వెళ్ళండి, లేకపోతే ఒక కొలత మార్చగానే బొమ్మంతా చెదిరిపోతుంది. త్రీడీ ప్రింటింగ్‌లో రంధ్రాలు గీసినదానికన్నా కొంచెం చిన్నవిగా వస్తాయి, వ్యాసానికి 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు కలిపి, ముందు చిన్న ముక్క ప్రింట్ చేసి స్క్రూ పట్టిందో లేదో చూడండి. ఆరు గంటల ప్రింట్‌ను గడువు ముందు రాత్రి మొదలుపెట్టకండి. మొదటి పొర అంటుకోకుండా లేస్తే ఆ రాత్రి పోయినట్టే.

గ్రూప్ ప్రాజెక్టు ఉన్న సాయంత్రాల్లో మాటలు తక్కువ, కాగితం ఎక్కువ ఉండాలి. మీ భాగం, పక్కవారి భాగం ఎక్కడ కలుస్తాయో ఆ చోటును మొదటి వారంలోనే రాసుకోండి: ఏ కనెక్టర్, ఏ కాలిలో ఎన్ని వోల్టులు, స్క్రూ రంధ్రాల మధ్య ఎంత దూరం, డేటా ఏ వరసలో. ఒక్కొక్కరి భాగం విడిగా బాగానే పనిచేస్తుంది. ఆఖరి వారంలో విరిగేవి అతుకులే. ఎంత సమయం పడుతుందో మీ అంచనాను నమ్మకండి. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు, పట్టింది 55. కాబట్టి మీ అంచనాను ఒకటిన్నరతో గుణించి గడువుకు వెనకనుంచి లెక్క కట్టండి. కాలిపోయే భాగాలు, ట్రాన్సిస్టర్లు, చిన్న ఐసీలు, అవసరమైనదానికన్నా రెండు ఎక్కువ తెప్పించండి.

సాయంత్రం రెండు గంటల్లో పగలు మొదలుపెట్టినవి పూర్తి చేయండి, కొత్తవి తెరవకండి. యాభై నిమిషాలు పని, పది నిమిషాలు లేచి నడవడం లెక్కలకు బాగా కుదురుతుంది. ఇరవై ఐదు నిమిషాల ముక్కలు ఇంజినీరింగ్ లెక్కకు చాలవని నా అభిప్రాయం, బొమ్మ మనసుకు ఎక్కేసరికే అలారం మోగుతుంది. ఆఖర్న మర్నాటి ఖాళీ గంటలో ఏ లెక్క చేయాలో ఒక చీటీ మీద రాసి నోట్సులో పెట్టండి.

నిద్ర విషయంలో రాజీ వద్దు. 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకు 7 నుంచి 9 గంటలు కావాలని నిద్ర నిపుణులు చెబుతారు. కాఫీలోని కెఫీన్ సగమవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం 6కు తాగితే రాత్రి 11కు సగం ఒంట్లోనే ఉంటుంది. 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు కొలిచి చూపించినదేమిటంటే, 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకు దిగజారుతుంది. తెల్లారేదాకా మేలుకున్నవాళ్ళు మర్నాడు లెక్చర్‌లో కూర్చున్నా అది బుర్రకెక్కదు. లేత్ దగ్గరో 230 వోల్టుల బెంచి దగ్గరో నిలబడాల్సి ఉంటే అది మార్కుల విషయం కూడా కాదు, చేతి వేళ్ళ విషయం. అలాంటి పొద్దున ల్యాబ్ ఇన్‌ఛార్జికి నిజం చెప్పి వేరే రోజుకు మార్పించుకోండి.

జ్వరం వల్లో మరేదో వల్లో రెండు వారాలు వెనకపడితే అందరూ పాత పాఠం నుంచి వరసగా మొదలుపెడతారు. దాంతో ఈ వారం క్లాసులు కూడా పోతాయి. ఆ పద్ధతిని తిరగేసి పట్టుకోండి. ఈ రోజు లెక్చర్‌కు వెళ్ళండి, అందులో అర్థం కానిదాని వెంట వెనక్కి వెళ్ళి ఆ ఒక్క అంశం నేర్చుకోండి. ఇలా ఐదారు రోజులు చేస్తే పాత పాఠాల్లో నిజంగా అవసరమైనవి వాటంతటవే తేలుతాయి. మిగతావి వారాంతంలో, ఆ పాఠాల అసైన్‌మెంటు లెక్కలు తీసి, ఒక్కోదాన్నీ అరగంట చొప్పున చేయండి. రానివాటి జాబితాతో ట్యుటోరియల్‌కు వెళ్ళండి. ల్యాబ్ తప్పితే మాత్రం ఆగకండి, అదే వారంలో అడిగి ఇంకో బ్యాచ్‌తో చేసేయండి. పరికరాలు బెంచి మీద ఉండేది ఆ ప్రయోగం నడిచే వారాల్లోనే.